బంగారపు వేటలో బోరు చెప్పు సాక్ష్యము

కృష్ణా మెట్ట ప్రాంతపు రైతునకు బోరు అనగా ఏమో ఒకరు చెప్పవలసిన పని లేదు. జి.కొండూరు చుట్టుపట్ల గాని, అటు నందిగామ, జగ్గయ్యపేట వైపు గాని ఒక చేనిలో 150 అడుగులకే నీరు తగులును. గట్టు దాటి నాలుగు బారల దూరములో వేసిన బోరులో 400 అడుగులు దిగినను తెల్లని రాతి పిండియే పైకి వచ్చును. మొదటి బోరును చూచి రెండవ బోరునకు అప్పు చేసినవాడు ఆ అప్పు తీర్చుటకు ఎన్ని మిరప కోతలు, ఎన్ని పత్తి తీతలు కావలసి వచ్చునో ఆ పల్లెలు ఎరుగును. గట్టి రాతి నేలలో నీరు చెరువు వలె పరచుకొని ఉండదు. చీలికలలో దాగి ఉండును. చీలిక దొరికినచో నీరు, దొరకనిచో రాయి. ఈ సంగతి ఎరిగినవారికి నేటి మా ప్రసంగ విషయము సగము తెలిసినట్లే. బంగారము కొరకు వేయు బోరుల నుండి వచ్చు అంకెలను ఎట్లు చదువవలెను, ఎంతవరకు నమ్మవలెను అనునదే ఆ విషయము.

ఇది భూగర్భ శాస్త్రజ్ఞులకు మాత్రమే పనికివచ్చు చర్చ అని శ్రోతలు అనుకొనవలదు. ఫలాని కొండలో బంగారమున్నదను వార్త వెలువడిన మరునాడే ఆ చుట్టుపట్ల భూముల ధర కదలును. అమ్మదలచినవారు ఆగుదురు, కొనదలచినవారు పరుగెత్తుదురు. పట్టణములలో కొందరు పిల్లల పెండ్లికి దాచుకొన్న సొమ్మును వాటాలలో పెట్టుదురు. ఇదంతయు ఒకటి రెండు అంకెలను నమ్ముకొని జరుగును.

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లా విషయమున ఏమి జరిగినదో చూడుడు. అక్కడ 3,000 టన్నులకు పైగా బంగారము ఉన్నదని జిల్లా అధికారుల మాటగా దేశమంతట వార్త మ్రోగినది. అది దేశపు బంగారు నిల్వకు సుమారు ఐదు రెట్లని పత్రికలు లెక్క కూడ కట్టినవి. కొద్ది దినములలోనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు తాము అట్టి అంచనా ఇవ్వలేదని ప్రకటించిరి. వారి లెక్క ప్రకారము అక్కడ ఉన్నది 52,806 టన్నుల ముడిరాయి. అందులో సగటున టన్నుకు 3.03 గ్రాముల బంగారము. అంతయు కలిపి సుమారు 160 కిలోగ్రాములు. 3,000 టన్నులు ఎక్కడ, 160 కిలోలు ఎక్కడ! 18,000 రెట్లకు మించిన తేడా. 

52,806 టన్నులనునది రాయి. 160 కిలోలనునది లోహము. ఈ రెంటిని కలుపునది 3.03 అను ఒక్క అంకె. ఆ అంకె పుట్టునది బోరులో. బోరు దిగునది రాతిలో. కనుక రాతి స్వభావము తెలియక అంకెను చదువుట సాధ్యము కాదు.

మన ప్రాంతపు రాళ్ళతోనే మొదలుపెట్టుదము. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి చాప మీద చాప పరచినట్లు పొరలు పొరలుగా, కొద్దిపాటి వాలుతో ఉన్నది. జయంతిపురము, ముక్త్యాల సిమెంటు కర్మాగారములకు ఆధారము ఆ రాయియే. అట్టి రాతిలో ఒక బోరు చెప్పిన మాటను 100, 200 మీటర్ల దూరములోని రెండవ బోరు సామాన్యముగా కాదనదు. ఇటు జి.కొండూరు దాటి కొండపల్లి కొండలకు వచ్చుసరికి కథ మారును. అక్కడ ఒకప్పుడు క్రోమైటు త్రవ్విరి. ఆ ఖనిజము పరచుకొని ఉండక విడివిడి ముద్దలుగా ఉన్నది. భూమి లోతున మహోష్ణమునకు, ఒత్తిడికి లోనై ఆ రాళ్ళు సాగి, ముడుతపడి, తెగినవి. ఒక ముద్ద అయిపోయిన పిమ్మట రెండవది ఎచ్చట ఉన్నదో ప్రక్కనున్న రాయి చెప్పదు. పరిటాల వజ్రముల సంగతి ఇంకను వేరు. అవి పుట్టిన రాతిలో గాక ఏరు తెచ్చిన గులకలో దొరికినవి. 50 మైళ్ళ లోపుననే ఇట్లు మూడు రకముల నేల. బంగారము ఈ మూడింటిలో కొండపల్లి క్రోమైటునకు దగ్గర చుట్టము. అందులోను మొండి చుట్టము.

తెలుగువారికి బంగారు గని అనగానే తోచునది కోలారు. ఆ గనులు కర్ణాటకములో ఉన్నను అక్కడ చెమటోడ్చినవారిలో తెలుగువారు ఎందరో ఉండిరి. కోలారునకు ఆధారమైన షిస్టు రాతి మేఖల సుమారు 80 కిలోమీటర్ల పొడవున సాగి దక్షిణమున మన చిత్తూరు జిల్లాలోనికి వచ్చినది. చిగురుగుంట, బిసానత్తం గనులు దాని మీదివే. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి మరి రెండు క్షేత్రములు. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అదే సంస్థ నడిపిన చిగురుగుంట, రామగిరి పనులును ఆ ఏడే నిలిచినవి.

ఈ క్షేత్రములలోని రాళ్ళు 250 కోట్ల సంవత్సరములకు పైబడినవి. బంగారము తెల్లని పలుగురాతి సిరలలోను, వాని అంచున నలిగిన రాళ్ళలోను, చాలవరకు కంటికి కనబడనంత సూక్ష్మముగా చల్లబడి ఉన్నది. ఆ సిరలైనను తిన్నగా లేవు. తడిబట్టను మడచి, పిండి, అక్కడక్కడ చింపి పారవేసినట్లు ఉన్నవి. అట్టి బట్టలోని జరీ పోగును పైనుండి సూదితో గ్రుచ్చి వెదకుటయే అన్వేషకుని పని.

నీటి బోరు రాతిని పిండి చేసి పైకి ఊదును. బంగారమును లెక్కకట్టు బోరు పద్ధతి వేరు. వజ్రపు తునకలు తాపిన బోలు మొన రాతిని గుండ్రముగా కోసికొనుచు దిగును. గొట్టము లోపల సుమారు 48 మిల్లీమీటర్ల లావు గల రాతి కడ్డీ నిలుచును. దీనిని కోర్ అందురు. కోర్‌ను పెట్టెలలో వరుసగా పేర్చి, లోతు గుర్తులు వేసి, నిలువున రెండుగా కోయుదురు. ఒక సగము పరీక్షకు పోవును. రెండవ సగము పెట్టెలోనే ఉండును. ఈ రెండవ సగమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని ఉన్నది.

పరీక్షశాలలో ఆ రాతిని మెత్తని పిండి చేసి, అందులో 30 లేక 50 గ్రాములు తీసి, సీసపు భస్మముతో కలిపి కరగింతురు. బంగారము సీసముతో కూడి అడుగునకు దిగును. ఆ ముద్దను మూసలో పుటము పెట్టగా సీసము మూసలోనికి ఇంకిపోయి చిన్న పూస మిగులును. మన కంసాలులు తరతరములుగా ఎరిగిన విద్యయే ఇది. అందులోని వెండిని వేరుచేసి, మిగిలిన బంగారమును తూచి, టన్నుకు ఇన్ని గ్రాములని చెప్పుదురు. టన్నుకు ఒక గ్రాము అనగా పది లక్షలలో ఒక పాలు.

అంకె చేతికి వచ్చినది. "3 మీటర్ల మేర టన్నుకు 8 గ్రాములు" అని అనుకొందము. మంచి ఫలితమే. అయితే అనుభవజ్ఞుడు మొదట అడుగునది బంగారము మాట కాదు. బోరు సిరను ఏ కోణమున కోసినది అని. కోలారు జాతి సిరలు దాదాపు నిటారుగా దిగును. 70 డిగ్రీల వాలు గల సిరను నిలువు బోరు తాకినచో, నిజముగా ఒక మీటరు మందము గల సిర కోర్‌లో దాదాపు 3 మీటర్లుగా కనబడును. ములగకాడను అడ్డముగా తరిగిన ముక్క చిన్నదిగా ఉండును. ఏటవాలుగా తరిగినచో పొడవుగా ఉండును. కాడ మాత్రము లావెక్కలేదు. అందుచేతనే బోరును సిరకు ఎదురుగా, ఏటవాలుగా దింపుదురు. దించిన బోరైనను గీచిన దారిననే పోవునను నమ్మకము లేదు. గట్టిపొర, మెత్తపొర మారినప్పుడెల్ల గొట్టములు వంగును. మొదటినుండి 3 డిగ్రీలు తొలగినచో 300 మీటర్ల పొడవునకు 15 మీటర్లు తప్పును. ఒక మీటరు సిర కొరకు వెదకువానికి 15 మీటర్లనగా పొరుగూరే!

రెండవ చిక్కు సగటులో ఉన్నది. "10 మీటర్ల మేర టన్నుకు 5 గ్రాములు" అనగా పది మీటర్లలోను అయిదేసి గ్రాములున్నవని సామాన్యుడు తలచును. ఒక్క మీటరులో 48 గ్రాములు, తక్కిన తొమ్మిది మీటర్లలో 0.2 గ్రాము చొప్పున ఉన్నను సగటు అదియే వచ్చును. మొదటిది వెడల్పుగా త్రవ్వదగిన గని. రెండవది సన్నని సిర, దాని చుట్టు వట్టి రాయి. అంకె ఒకటే, గనులు రెండు. మీటరు మీటరునకు విడివిడిగా పట్టిక చూపని ఫలితమును నమ్ముట వంటింటిలోనికి పోకుండ విస్తరిని మెచ్చుకొనుటయే.

ఆ 48 గ్రాముల మీటరునైనను నమ్మవచ్చునా? ఇక్కడ బంగారము యొక్క మొండితనము బయటపడును. ఒక మిల్లీమీటరు అడ్డుకొలత గల గుండ్రని బంగారు రేణువు సుమారు 10 మిల్లీగ్రాములు తూగును. ఒక మీటరు కోర్‌లో సగము బరువు రమారమి 2.4 కిలోలు. కోత గీటునకు ఇటుప్రక్క ఆ రేణువు ఒక్కటి పడినచో ఈ సగములో టన్నుకు 4 గ్రాములు. అటుప్రక్క సగములో సున్న. ఆ రేణువు నలగక 50 గ్రాముల పరీక్ష పిండిలో పడినదా, టన్నుకు 200 గ్రాములు! ఒక ఆవగింజ కంటె చిన్న రేణువు చేయు పని ఇది. కావుననే ఒకే పిండిని రెండుసార్లు పరీక్షింతురు. రెండవ పరీక్షశాలకు పంపుదురు. బంగారము లేదని తెలిసిన రాయిని, ఎంత ఉన్నదో ముందే తెలిసిన పిండిని ఆ వరుసలో గుట్టుగా చేర్చి పరీక్షశాలనే పరీక్షింతురు. పెండ్లిచూపులలో ఇరువైపులవారు చేయు విచారణ వంటిదే ఇదియు. ఎవరును తప్పుపట్టరు.

ఇంకొక సంగతి. బంగారము తరచుగా రాయి నలిగిన చోటనే ఉండును. నలిగిన రాయి కోర్‌గా నిలువదు. బోరులో పోయు నీటితో కొట్టుకొనిపోవును. పెట్టెలో ఒక మీటరునకు ముప్పాతిక మీటరే ఉన్నచో పోయిన పాతికలో ఏమున్నదో ఏ పరీక్షయు చెప్పజాలదు. ధనము కొట్టుకొనిపోయి వట్టి పలుగు నిలిచి ఉండవచ్చును. మెత్తని మట్టి పోయి బంగారు పలుగు మాత్రము నిలిచి లెక్కను పెంచియు ఉండవచ్చును.

ఇంతవరకు ఒక్క బోరు మాట. అసలు కష్టము బోరులను ఒకదానితో ఒకటి కలుపుటలో ఉన్నది. సంక్రాంతికి మన ఆడపడుచులు వేయు చుక్కల ముగ్గును తలచుకొనుడు. ఒకే చుక్కలను ఒకామె పద్మముగా కలుపును, ఇంకొకామె రథముగా కలుపును. రెండును అందముగానే ఉండును. బోరులలో బంగారము తగిలిన స్థలములు చుక్కలు. వాని నడుమ గీత గీయునది శాస్త్రజ్ఞుడు. ముడుతపడిన సిరను ఒకే బోరు మూడుచోట్ల కోయవచ్చును. మూడు సిరలున్నవని ఒకడు లెక్కించును. ఒకే సిర మూడు మడతలు పడినదని ఇంకొకడు చెప్పును. ఇద్దరి టన్నులకు పొంతన ఉండదు. ముగ్గు విషయములో రెంటిని మెచ్చుకొనవచ్చును. గని విషయములో నిజము ఒక్కటే.

కోలారులోని చాంపియన్ లోడ్‌నే చూడుడు. ఆ సిర కిలోమీటర్ల కొలది సాగినను బంగారము అంతట సమముగా లేదు. కొన్ని భాగములలో గుమిగూడి, నడుమ వట్టి పలుగుగా ఉండెడిది. ఆ ధనవంతమైన భాగములను గనివారు షూట్లు అందురు. ఏటవాలుగా పాతిన దూలముల వలె అవి లోతునకు పోవును. దూలమునకు పైన వేసిన బోరు, క్రింద వేసిన బోరు రెండును ఉత్తచేతులతో తిరిగివచ్చును. ఆ క్షేత్రములోని చాంపియన్ రీఫ్ గనిలో ఒక భాగమునకు మడతల మూలముగా "నార్తర్న్ ఫోల్డ్స్" అను పేరే నిలిచినది. మూడు కిలోమీటర్లకు మించి లోతు దిగిన గనిలో సైతము ముందు బోరు వేసి, పిదప సొరంగము త్రవ్వి, ఆ గీత సరియైనదో కాదో అడుగడుగున చూచుకొనవలసి వచ్చెడిది.

అట్లయినచో గీత గీయుటకు ఆధారమేమి? అంకెల పట్టిక చాలదు. కోర్‌లోని రాతి పొరలు ఏ దిక్కునకు వాలినవి, మడతల ఇరుసు ఎటు దిగుచున్నది, సిర అంచున రాయి రంగు ఎట్లు మారినది, గంధక లోహములు ఏ పొరలో చేరినవి, పైన నేల మీద కనబడు రాయి ఏమి చెప్పుచున్నది, పూర్వులు త్రవ్విన గుంతలు ఏ వరుసలో ఉన్నవి, ఇవన్నియు కూడిరావలెను. కోర్ పెట్టె ముందు కూర్చుండి రాతిని చదువక, దూరమున యంత్రగణకము మీద చుక్కలు కలుపువాడు ఎంత పండితుడైనను అతని గీతకు విలువ తక్కువయని మా ఉద్దేశము. యంత్రము గీచిన గీత నున్నగా ఉండును. రాయి అంత నున్నగా ఉండదు.

ధనము చూపిన బోరు మోసగించినట్లే ధనము చూపని బోరును మోసగించవచ్చును. 1880లో కోలారునకు జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిరి. మొదటి ఏండ్లలో త్రవ్వినచోటనెల్ల నిరాశయే. పెట్టుబడి దాదాపు కరిగిపోయి, వాటాదారులు పని మానుకొందుమను తరుణములో, ప్రాచీనుల గుంతల క్రిందికి దిగగా చాంపియన్ లోడ్ దొరికినది. తొలి దశాబ్దములలో అక్కడి రాయి టన్నుకు 30 గ్రాములకు పైగా ఇచ్చినది. అదే కాలములో వైనాడున లండను కంపెనీలు పదుల కొలది వెలసినవి. అచ్చట నేలపై దొరికిన నమూనాలు ఆశ గొలిపినవి. లోతున ధనము నిలువలేదు. కొన్ని ఏండ్లలోనే కంపెనీలు కూలినవి. రెండుచోట్లను పైకి కనబడినది పలుగురాయియే.

మనుష్యుడే మోసగించినచో? ఇండోనీషియాలోని బుసాంగ్ అనుచోట ప్రపంచములో కెల్ల గొప్ప బంగారు నిక్షేపము దొరికినదని బ్రె-ఎక్స్ అను కెనడా కంపెనీ ప్రకటించినది. వాటాల విలువ వందల కోట్ల డాలర్లకు పెరిగినది. 1997లో వేరొక పెద్ద కంపెనీవారు సరిచూచుటకై పాత బోరుల ప్రక్కనే తమ బోరులు వేయగా బంగారము చెప్పుకోదగినంత లేదు. పరీక్షకు పంపిన రాతి పిండిలో బయటి బంగారము కలిపిరని ఆ యేటి మే నెలలో స్వతంత్ర విచారణ తేల్చినది. అక్కడ కోర్‌ను సగము దాచక, దాదాపు అంతయు పిండి చేసిరి. పెట్టెలో రెండవ సగము ఉన్నచో ఎవరైనను తీసి చూచియుందురు. ఆ పతనమునకు పిమ్మట 2001లో కెనడా దేశము ఖనిజ ఫలితములను ప్రకటించు విధానమునకు కఠిన నిబంధనలు విధించినది.

మన దేశములోను 2015 నాటి నియమములు అన్వేషణను నాలుగు దశలుగా విభజించినవి. జి-4 అనగా పైపై పరిశీలన. జి-3లో ప్రాథమిక అన్వేషణ, జి-2లో సాధారణ అన్వేషణ, జి-1లో దగ్గర దగ్గరగా బోరులు వేసిన సమగ్ర అన్వేషణ. జి-4 నాటి మాటను జి-1 నాటి మాట వలె ప్రచారము చేయుటయే అనేక పుకారులకు మూలము.

జొన్నగిరి మాట చెప్పి ముగింతుము. తొలకరి జల్లు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలలో జనము వంగి వజ్రములు వెదకుట ఏటేట జరుగును. దాపుననే ఎఱ్ఱగుడి అశోక శాసనములు ఉన్నవి. అశోకుని సువర్ణగిరి ఈ జొన్నగిరియేనని కొందరు పండితుల అభిప్రాయము. ఆ శాసనములను 1929లో కనుగొన్నవాడు భూగర్భ శాస్త్రజ్ఞుడే యగుట మాకు ముచ్చటగా తోచును. అక్కడి బంగారము షిస్టు మేఖలలోనికి చొచ్చుకొనివచ్చిన గ్రానైటు జాతి రాతిలోను ఉన్నది. కోలారు వలె ఒక్క గొప్ప సిర గాక, సన్నని సిరలు చెదరి ఉన్న నేల. కోలారు తొలినాటి 30 గ్రాముల వంటి అంకెలకు అక్కడ చోటు లేదు. టన్నుకు ఒకటి రెండు గ్రాముల రాతిని వెడల్పుగా త్రవ్వి లాభము తీయవలసిన క్షేత్రమది. అట్టిచోట అరగ్రాము పొరపాటు గని భవితవ్యమునే మార్చును. జియోమైసూర్ కంపెనీవారు ఏండ్ల తరబడి అన్వేషించిన పిమ్మట 2013లో సుమారు 1,477 ఎకరములకు గని కౌలు లభించినది. కౌలు తరువాతను పనులు తడవుగానే సాగినవి. మొదటి బోరులో బంగారము తగిలిన దినమునే అక్కడి రైతు లెక్కలు వేసికొనియున్నచో ఎన్ని ఏండ్లు ఎదురుచూడవలసి వచ్చెడిదో ఊహించుకొనవచ్చును.

కావున మీ ఊరి వైపు ఎవరైనను వచ్చి, బంగారము తగిలినదని, భూమి ఇమ్మనియో, వాటాలు కొనుమనియో అడిగినప్పుడు, ఎన్ని గ్రాములని అడుగుటకు ముందు కొన్ని సంగతులు అడుగుడు. చెప్పిన మందము కోర్‌లోని పొడవా, సిర యొక్క నిజమైన మందమా? సగటులో ఏ మీటరునకు ఎంత? ఎన్ని బోరులు వేసిరి, ఎంతెంత దూరమున, వానిలో ఉత్తవి ఎన్ని? ఉత్త బోరులు ఒక్కటియు లేవనువానితో మాట అక్కడితో చాలింపవచ్చును. కోర్ ఎంత భాగము దక్కినది, పరీక్ష రెండవచోట చేయించిరా, అన్వేషణ ఏ దశలో ఉన్నది, కోసిన కోర్‌లో రెండవ సగము ఏ ఊరిలో, ఏ గిడ్డంగిలో ఉన్నది? వచ్చినవారు వీనికి జవాబు చెప్పలేకపోయినచో జిల్లా గనుల శాఖ కార్యాలయమునకు పోయి, ఆ భూమిపై అన్వేషణకు అనుమతి ఎవరికి ఉన్నదో, ఏ దశ నివేదిక దాఖలైనదో వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవచ్చును.